ఒక్క గంటకు ఆగే చెయ్యి

మా బొగ్గుబాయిలో ఒక్క గంట మోగితే ఆగాలి. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగకూడదు. చెయ్యి బ్రేకు మీద పడాలి, అంతే. మిగతా గంటలకు వేరే అర్థాలున్నాయి. దించమనీ, లాగమనీ, మెల్లగా లాగమనీ నా ఎదురుగా బోర్డు మీద రాసే ఉంటాయి. ఒక్క గంటకు మాత్రం బోర్డు చూసేంత తీరిక ఎవరికీ ఉండదు.

నేను గోదావరిఖనిలో ఏటవాలుగా దిగే ఒక ఇంక్లైన్ గని మీద హాలర్ ఆపరేటర్ని. బాయి మూతి దగ్గర ఇంజను గదిలో కూర్చుని, ఇనుప రోపుతో బొగ్గు టబ్బులను పైకి లాగడం, ఖాళీవి కిందికి దించడం నా పని. రోపు రెండో చివర, లోపల చీకట్లో, సదయ్య ఉంటాడు. టబ్బులు తగిలించేదీ గంట కొట్టేదీ అతనే. ఇద్దరం ఒకేసారి పనిలో చేరాం. నేను అతని మొహం చూసేది షిఫ్టు ముందూ తర్వాతా మాత్రమే, మిగతా రోజంతా అతను నాకు గంట చప్పుడే. నా చేతికి బాగా తెలిసిన విద్య ఆ చప్పుడు వినడం ఒక్కటే. ఆ విద్యే ఆ ఎండాకాలం నా కొంప ముంచబోయింది.

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మా సహస్ర ఫిజిక్స్ తప్పింది. మిగతా అన్నింటిలో మంచి మార్కులే, అదొక్కటి పోయింది. పక్క క్వార్టర్ వాళ్ళు లడ్డూలు పంచుతుంటే మా పిల్ల గదిలోకి వెళ్ళి పడుకుంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా భార్య జమున స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ గది తలుపు లోపలి గొళ్ళెం విప్పుతోంది.

"తుప్పు వట్టింది" అంది నా వైపు చూడకుండా.

అది పోయిన దసరాకు వేసిన కొత్త గొళ్ళెం. ఆమె విప్పిన స్క్రూలు ఒక్కొక్కటీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరిదీ ఒకటే భయం. దాన్ని నోటితో అనే ధైర్యం ఇద్దరికీ లేదు.

సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు జమునే కట్టించింది. పిల్ల మాత్రం పుస్తకం ముట్టలేదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది కాదు. ఒకరోజు నేనే వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను.

"మే నెలల మళ్ళ రాసే మోక ఉన్నది గద బిడ్డా. ఒక్క సబ్జెక్టే."

గోడ వైపు తిరిగే జవాబిచ్చింది. "నువ్వు సర్దార్ పరీక్ష ఎన్నిసార్లు రాసినవు బాపూ?"

"మూడుసార్లు."

"మరి నాలుగోసారి ఎందుకు రాయలె?"

సర్దార్ అంటే లోపల ఒక జాగాకు పెద్ద. ఆ పరీక్షలో నేను రాతలో ఎప్పుడూ తప్పలేదు. నోటి పరీక్షలో ఆఫీసర్ల ఎదురుగా కూర్చుంటే నాకు నోరు పెగలదు. తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోతుంది. మా బాయి మీద ఇద్దరు మొగిలీలు ఉన్నారు. గుర్తుకోసం ఒకణ్ణి డ్రిల్లు మొగిలి అంటారు, నన్ను ఫెయిల్ మొగిలి అంటారు. తిట్టడానికి కాదు, మస్టర్ దగ్గర హాజరు వేసేటప్పుడు పేర్లు కలిసిపోకుండా ఉండడానికి. అయినా అది వినడానికి ఏమంత బాగుంటుంది?

ఆ వారమే మా క్లబ్బులో వానాకాలం వరదల మీద ఒక డ్రిల్లు పెట్టారు. గోదావరి పొంగి ఫోన్లు పనిచేయకపోతే ఏం చేయాలో చూపిస్తారట. మంథని నుంచి లక్ష్మీనరసింహ గారని, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన సారు, ఒక రేడియో పెట్టె పట్టుకుని వచ్చాడు. డాబా మీదికి తీగ కట్టి, చెవులకు ఫోన్లు తగిలించుకుని, చిన్న మీటలాంటిది టకటక కొడుతున్నాడు. పెట్టెలోంచి సన్నని కూతలు, పొట్టివీ పొడుగువీ. నేను చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి వింటున్నాను. ఉన్నట్టుండి ఒక పొట్టి కూత విడిగా వినిపించింది. నా కుడిచెయ్యి ముందుకు పోయింది. చాయ్ కాస్తా సారు బల్ల మీద.

"ఏమైందండి?" అన్నాడు కాగితాలు ఎత్తుకుంటూ.

చెప్పాను. ఆయన నవ్వలేదు. నా చేతి వైపు ఒకసారి చూసి, "చెవితో బతుకుతున్న మనిషి అన్నమాట. దీనికి లైసెన్సు ఉంటది. పరీక్ష రాస్తే మీరు కూడా మాట్లాడొచ్చు, దేశదేశాల వాళ్ళతో" అన్నాడు.

"నోటి పరీక్ష ఉంటదా సార్?"

"ఉండదు. ఒకటి రాత. ఇంకొకటి మార్సు, అంటే ఇప్పుడు మీరు విన్న ఈ కూతల భాష. వినాలె, కొట్టాలె."

నేను నోటి పరీక్ష సంగతి మళ్ళీ అడిగాను. లేదనే చెప్పాడు. మార్సు అక్కర్లేని చిన్న లైసెన్సు కూడా ఒకటి ఉందన్నాడు గానీ అది వద్దన్నాను. ఉన్నదే ఒక్క చెవి విద్య, దాన్ని ఇంట్లో పెట్టి పరీక్షకు పోవడమేమిటని నా పొగరు. ఆయనే దగ్గరుండి దరఖాస్తు పెట్టించాడు. నా పరీక్ష మే నడుమ హైదరాబాద్‌లో, సహస్రది మే ఆఖరున.

ఇంట్లో ఈ మాట చెబితే జమున చేతిలో గరిటె అలాగే ఉంచి నన్ను చూసింది. "ఒకలకు నోరు వడిపోయింది, ఒకలకు నెత్తి తిరిగింది. నేనెవలతోని ఏగాలె?"

నేను తలుపు దగ్గరికి వెళ్ళి చెప్పాను. "బిడ్డా, నేను నాలుగోది రాస్తున్న."

లోపలి నుంచి వినిపించింది. "పాసైనంక మాట్లాడు నాతోని."

అంటే పాసైతే మాట్లాడుతుందన్నమాట. నేను దాన్ని ఒప్పందంగా తీసుకున్నాను. నోరు మూసుకోమనడానికే ఆమె ఆ మాట అన్నదేమో, నాకు ఇప్పటికీ తెలియదు.

మా రామగుండం ఎండలు మీకు తెలిసినవే. పొద్దున తొమ్మిది దాటితే గోడలకు కూడా చెమటలు పడతాయేమో అనిపిస్తుంది. సెకండ్ షిఫ్టు వారం, మధ్యాహ్నం దాకా ఖాళీ. వరండాలో కూలర్ ముందు కూర్చుని, సారు ఇచ్చిన పుస్తకం పైకి చదివేవాణ్ణి. నాకు పైకి చదివితేగానీ ఎక్కదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, ఊరంతా వినేలా చదివేవాణ్ణి.

"కెపాసిటర్... పది మిల్లీ ఫారడ్..."

"మైక్రో."

లోపలి నుంచి వచ్చిందా మాట. వంటింట్లో జమున చేసే చప్పుడు ఆగిపోయింది.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే పోతుందని భయం. "ఏంది?" అన్నాను పుస్తకంలోకి చూస్తూనే.

"అది మిల్లీ గాదు, మైక్రో. తోక ఉన్న యు ఉంటె మైక్రో."

"అట్లనా. మరి దీని కిందిది ఏంది?"

కాసేపటికి గడప మీదికి వచ్చింది. ఇంకాసేపటికి కింద కూర్చుంది. మర్నాటి నుంచి అదే నా బడి. పిల్లను మాట్లాడించడానికి నేను తెలియనట్టు నటించానని జమున ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. నటించేంత నాకేం తెలుసు? ఓమ్ సూత్రం చెప్పడానికి మా పిల్ల నానా తిప్పలు పడింది. బండల మీద సుద్దముక్కతో బొమ్మలు గీసింది. మా హాలర్ మోటరు ఎండాకాలం ఎందుకు అంత వేడెక్కుతుందో చెబితే అప్పుడు నాకు అర్థమైంది. "గంతేనా" అంటే, "గంతే" అంది. మొహంలో ఒక చిన్న నవ్వు కనిపించి పోయింది.

ఒకరోజు కాయిలూ కెపాసిటరూ కలిపి లెక్క చేస్తూ మధ్యలో సుద్దముక్క కింద పెట్టేసింది.

"ఇది నా పేపర్ల వచ్చిందే."

"ఏం రాసినవు?"

"ఏం రాయలె. ఇది రాకపోయేసరికి గాబరయింది. దీని గురించే ఆలోచించుకుంట కూసున్న. వెనకవి వచ్చినవే, అవి గూడ రాయలె."

నేను ఏదో ఒకటి అనాలి. కానీ నోరు పెగలని రోగం నాకు ఆఫీసర్ల ముందే కాదు. ఆ లెక్క నాకు మళ్ళీ చెప్పమన్నాను. ఆమె మళ్ళీ చెప్పింది.

కూతల అక్షరాలు పుస్తకం చూసి ఇద్దరం బట్టీ పట్టి, మార్సు కోసం ఆదివారాలు మంథని వెళ్ళేవాళ్ళం. స్కూటీ సహస్ర నడిపేది, నేను వెనక. మొదటి ఆదివారమే నా బండారం బయటపడింది. సారు మీట మీద ఒక ఇంగ్లీషు వాక్యం కొట్టాడు, నేను కాగితం మీద రాయాలి. T రాశాను, H రాశాను. తర్వాత నా పెన్సిలు గాలిలో నిలిచిపోయింది. సారు వాక్యమంతా కొట్టి ముగించాడు. నా కాగితం మీద రెండే అక్షరాలు.

"మళ్ళీ చేద్దాం" అన్నాడు.

మళ్ళీ అంతే. ఏ వాక్యమైనా కొంత దూరం బాగా పోయేది, ఒకచోట చెయ్యి బిగుసుకుపోయేది. సారు గడ్డం గోక్కుంటూ నా కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయనకే దొరికింది. ప్రతిసారీ నేను ఆగింది E దగ్గర. మార్సులో E అంటే ఒకే ఒక్క పొట్టి కూత.

"ఒక్క గంట సార్" అన్నాను. "ఒక్క గంటకు ఆగాలె."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "మొగిలిగారూ, ఇంగ్లీషులో అన్నిటికన్న ఎక్కువ వచ్చే అక్షరం E నే. ప్రతిదానికీ ఆగితే ఎట్ల? అది గంట కాదు, అక్షరం అని మనసుకు చెప్పుకోండి. రోజూ అలవాటు చేస్తే చెయ్యి మర్చిపోతది."

"మర్చిపోవద్దు సార్."

"అంటే?"

"చెయ్యి మర్చిపోతె, రేపు డ్యూటీ మీద ఒక్క గంట మోగినప్పుడు ఒక్క ఘడియ ఆలోచిస్త. లోపల సదయ్య ఉంటడు."

సారు భార్య విశాలాక్షమ్మ గారు మజ్జిగ గ్లాసులు తెచ్చి, మా మొహాలు చూసి, అక్కడ పెట్టి వెళ్ళిపోయారు. నేను పెన్సిలు బల్ల మీద పెట్టేశాను. పరీక్ష కోసం సదయ్య ప్రాణంతో ఆడలేను. అది వదిలేస్తే నా పిల్ల సంగతేమిటి? నాలుగోది కూడా తప్పినవాణ్ణి ఏ మొహంతో దాన్ని రాయమంటాను?

గుమ్మం దగ్గర కూర్చున్న సహస్ర అడిగింది. "బాపూ, ఒక్క గంటకు ఆగినంక ఏం జేస్తవు?"

"మళ్ళ గంట కోసం చూస్త."

"ఎందుకు ఆగింది, ఏమైంది అని ఆలోచించవా?"

"అది ఆలోచించుకుంట కూసుంటె వచ్చే గంట ఇనవడదు గద. వచ్చే గంట ఏం చెప్తె గది చేస్త."

"అయితే గిది గూడ గంతే. చెయ్యి ఆగితె ఆగనీ. అక్కడ ఒక గీత గియ్యి. పోయినదాన్ని ఇడిసిపెట్టి, తర్వాత వచ్చినదాన్ని వట్టుకో."

అంటూ అంటూ గొంతు తగ్గించింది. కాసేపు తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది.

సారు మీట ముట్టాడు. ఈసారి చెయ్యి ఆగిన చోట గీత గీశాను. ఒకటి రెండు అక్షరాలు పోయాయి, మళ్ళీ అందుకున్నాను. మళ్ళీ ఆగింది, మళ్ళీ గీత. మూడోసారికి ఆగడమూ నడవడమూ చేతికి ఒక వరసలో పడ్డాయి. ఆగు, గీత, వచ్చే గంట. అది మాకు కొత్తేమీ కాదు, బాయిలో రోజూ చేసేదే. కాగితం నిండా అక్షరాలు, మధ్యమధ్య గీతలు.

సహస్ర లేచి వచ్చి నా భుజం మీదుగా చూసింది. "బాపూ, నువ్వు ఆగేది ఒక్క E కే గద."

"అవును."

"అయితే ఈ గీతలన్నీ E లే. ఆఖరికి నింపేస్తె అయిపాయె."

సారు కాగితం లాక్కుని చూశాడు. ఒక్కొక్క గీత మీద వేలు పెట్టుకుంటూ వాక్యం పైకి చదివాడు. తర్వాత ఆయనకు నవ్వు మొదలైంది. వంటింట్లోంచి విశాలాక్షమ్మ గారు వచ్చి ఏమైందని అడిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నా చెయ్యి ఆగడమే నేను E అని రాసినట్టు. చెయ్యి మరవాల్సిన పనీ లేదు, సదయ్యకు ఏ ఫికరూ లేదు. ఆ రోజు తిరుగుదారిలో నా పిల్ల వెనక కూర్చుని నేను పాట పాడాను. నా పాట వినలేక స్కూటీ జోరు పెంచింది.

హైదరాబాద్ పరీక్ష హాల్లో అందరూ ఇంజనీరింగ్ పిల్లలే. ఒకతను లేచి నాకు కుర్చీ చూపించి, "ఎవరితో వచ్చారంకుల్?" అన్నాడు. రాత పరీక్ష ఉన్నంతలో బాగానే రాశాను. మార్సు మొదలవగానే నాకు తెలిసిన గుబులు వచ్చింది. మొదటి పదంలోనే చెయ్యి బిగుసుకుంది, గీత గీయడం కూడా మరిచిపోయాను. రెండక్షరాలు నా ముందు నుంచే వెళ్ళిపోయాయి. మూడో అక్షరం దగ్గర పెన్సిలు కదిలింది. అక్కడి నుంచి ఇంక నేను ఎక్కడా తడబడలేదు.

రామగుండం స్టేషన్‌లో దిగేసరికి సహస్ర స్కూటీ పట్టుకుని బయట నిలబడి ఉంది.

"పాసైనవా?"

"ఇప్పుడే చెప్పరట బిడ్డా. నెల వడుతదట."

స్కూటీ స్టార్ట్ చేసింది. వెనక కూర్చున్నాను గానీ నా ప్రాణం నాలో లేదు. నా ఫలితం రాకముందే దాని పరీక్ష అయిపోతుంది. పాసైనంక మాట్లాడమంది, నా దగ్గర పాస్ లేదు. దరఖాస్తు పెట్టినప్పుడు ఇంత చిన్న సంగతి నాకెందుకు తోచలేదని నన్ను నేను తిట్టుకుంటున్నాను. పవర్ హౌస్ పొగగొట్టాలు దాటాక తల కొంచెం తిప్పి అడిగింది.

"చెయ్యి ఆగిందా?"

"మొదట్లనే ఆగింది. రెండక్షరాలు వోయినయి."

"తర్వాత?"

"తర్వాత మళ్ళ నడిచింది. ఆఖరి దాక రాసిన."

ఇంటికి వచ్చాం. కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు అడిగింది, "అమ్మా, నా హాల్ టికెట్ తీసినవా?"

జమున దేవుని పటాల వెనక నుంచి ఆ కాగితం తీసిచ్చింది. ఇచ్చి, నేరుగా పెరట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళి చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నాకు జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

సహస్ర పరీక్ష రాసి బయటికి వచ్చినప్పుడు ఎట్ల రాసినవని అడిగితే, "ఆఖరి దాక రాసిన" అని ఒక్క మాటే చెప్పింది.

నా ఫలితం ముందు వచ్చింది. సారు ఫోన్ చేసి చెప్పాడు, రాతలోనూ మార్సులోనూ పాస్. బాయి మీద సదయ్య తన సొంత ఖర్చుతో మిఠాయి పంచి, ఇక నుంచి నన్ను వైర్‌లెస్ మొగిలి అనాలని అందరికీ ఆర్డరు వేశాడు. సహస్ర మాత్రం నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "పాసైనంక మాట్లాడు అన్న గద బాపూ. ఇగ మాట్లాడు." నాకు ఒక్క మాట తోచలేదు. తల్లీబిడ్డలు పడీపడీ నవ్వారు.

ఇంటర్ ఫలితాల రోజు నాకు ఫస్ట్ షిఫ్టు. ఇంజను గదిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. రోపు మీద నిండు టబ్బులు, బరువుగా పైకి వస్తున్నాయి. నా చెయ్యి మీట మీద, కళ్ళు రోపు మీద. పొద్దుటి నుంచీ మనసు మాత్రం ఎక్కడెక్కడో ఉంది.

బయట గేటు దగ్గర స్కూటీ హారన్ మోగింది. పొడుగుగా ఒకటి, పొట్టిగా మూడు. టబ్బులు విడిపించే జగదీశ్వర్ కిటికీలోంచి తల పెట్టి, "అన్నా, ఎవలో పోరి గేటు కాడ నిలవడి పిచ్చిగ హారన్ కొడుతున్నది" అన్నాడు.

"కొట్టనీ" అన్నాను.

B. A. P. U. కాస్త ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. P. A. S. తర్వాత ఇంకొక S.

చెయ్యి మీట మీంచి తీయడానికి లేదు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు. టబ్బులు పైకి చేరి, రోపు నిలిచి, నా జాగాలోకి రెండో మనిషి వచ్చాక గేటు దగ్గరికి పరుగెత్తాను. సహస్ర స్కూటీ మీద కూర్చుని ఉంది. వాచ్‌మన్ ఇంకా కోప్పడుతూనే ఉన్నాడు. ఏం చెప్పాలో తెలియక, పిల్లను ఆటపట్టించబోయాను.

"గదేం ఇంగ్లీషు బిడ్డా? బాపు పాస్ అంటె నేను పాసైనట్టున్నది. సక్కగ పాస్‌డ్ అని కొట్టొద్దా?"

"అండ్ల E ఉన్నది" అంది. "నువ్వు డ్యూటీ మీద ఉన్నవు. లోపల సదయ్య కాకా ఉంటడు గద."